ఎత్తు

ఎనిమిదడుగులు.
ఇక్కడ నీళ్ళు రోజుకు రెండుసార్లు
ఎనిమిదడుగులు లేస్తాయి, ఎనిమిదడుగులు కూలతాయి.
పోటు మీద మా పడవ గడ్డి మీంచి తొంగి చూస్తుంది:
దూరాన కాగితం మిల్లు పొగగొట్టం, పక్కనే టవరు,
ఫోనులో రెండు గీతలు.
పాటు తీశాక
బురదగోడల మధ్యకు, బావిలోకి చెంబులా దిగిపోతాం.
గీతలు లేవు.
పేలాలు వేగుతున్నట్టు బురద చిటపట, అంతే.

జార్జియా తీరంలో ఈ పాయకు పటంలో పేరు లేదు.
పీతల బోనులెత్తే కెజయా మాత్రం
"మా నానమ్మ దీన్ని నత్తపాయ అనేది" అంది.
సిగ్నలు సంగతి అడిగితే నవ్వింది.
"అదీ చేపలాంటిదే. నీళ్ళతో వస్తుంది, నీళ్ళతో పోతుంది.
కేకేస్తే రాదు."

మా తమ్ముడు ఓరిన్ ఒప్పుకోలేదు.
నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి,
ఏదైనా కిందే ఉండిపోతే అతనికి నిద్రపట్టదు.
రంగు కలిపే తెల్ల బకెట్టు వెతికి తెచ్చి
అడుగున నా పాత స్వెటరు పరిచి,
ఫోను పడుకోబెట్టి, పైన ప్లాస్టిక్ సంచి కప్పి,
తెరచాప తాడుకు కట్టి
కొయ్య కొసదాకా లాగాడు.
గిలక కీచుమంది.
యాభై అడుగుల పైన
మా మంచీ చెడూ గాలికి ఊగుతున్నాయి.

రాసి పైకి పంపడం,
కాఫీ తాగేంతసేపు ఆగడం,
దించి చదవడం.
ముందు గాలివాన పటం. తర్వాత బ్యాంకు.
ఆ తర్వాత, ఓరిన్ చూడనట్టు ఊరుకునేది,
నా చదరంగం.

అవతలి మనిషి "ముసలి కొంగ" అని రాసుకుంటుంది.
ఆడో మగో నేనడగలేదు, కొంగా చెప్పలేదు.
మార్చి నుంచీ ఒకటే ఆట.
ఎత్తు వేయాలంటే ముందు ఎత్తుకు పోవాలి మరి,
రోజుకు ఒకటే పడుతుంది, అదృష్టం బాగుంటే రెండు.

గురువారం పొద్దున మంచు విడింది.
గడ్డికి అవతల, పావుమైలు ఉంటుందేమో,
ఒంటరి కొయ్య. పడవ కనబడదు.
ఆ కొయ్య మీదుగా మెల్లగా
ఎర్ర బకెట్టొకటి ఎక్కుతోంది.

నేను శకటుతో గుర్రాన్ని తీశాను. మాది ఎక్కింది.
కాసేపటికి ఎర్రది దిగింది.
మళ్ళీ ఎర్రది ఎక్కింది.
మాది దించి చూస్తే: నా శకటు పోయింది, బంటు చేతిలో.
"బకెట్టు ఎవరికి లేదు?" అన్నాడు ఓరిన్.
నిజమే. ఇంకో ఎత్తు వేశాను.
ఎర్రది దిగింది. ఎక్కింది. నా ఏనుగుకు ఎసరు.
ఓరిన్ మాట్లాడకుండా దుర్భిణీ చేతికిచ్చాడు.

రేడియో ఎత్తితే ఒక్క పిలుపు.
తీయబోయి ఆగాను.
నా బంటు ఒక గడి జరగాలంటే
మిల్లు పక్కన టవరెక్కి, నేల కిందకి దూరి,
నేను చూడని ఊళ్ళో ఏ చల్లటి గదిలోనో తిరిగి,
మళ్ళీ అదే టవరు దిగి
ఈ పావుమైలు గడ్డి దాటాలి.
అడ్డంగా నడుద్దామంటే బురద,
మొదటి అడుగుకు మోకాలు, రెండో అడుగుకు నడుం.

రాణించే ఎత్తేదీ తోచలేదు.
ఏనుగును వెనక్కి లాక్కుని, కింద ఇంకో ముక్క రాశాను:
"నీ తాడు గిలక దగ్గర ఒరుసుకుంటోంది.
రెండు పురులు తెగాయి. చూసుకో."

తెల్లది ఎక్కింది.
ఎర్రది దిగింది.
మళ్ళీ ఎక్కలేదు.

నీళ్ళు తీయడం మొదలైంది.
గడ్డి పెరుగుతున్నట్టుంది, పెరగడం లేదు,
మేమే కుంగుతున్నాం. ఆ కొయ్యా కుంగుతోంది,
మాతోపాటే, అంగుళానికి అంగుళం.
తెల్లకొంగ ఒకటి, అసలుదే, మధ్యలో వాలి
ఇటు చూసింది, అటు చూసింది, పీతను పట్టుకుపోయింది.

ఇంజను నూనె తుడుచుకుంటూ ఓరిన్ అడిగాడు,
"ఇప్పుడు ఎత్తు ఎవరిది?"
"కొంగదే" అన్నాను.